హిస్టరీ చదివితే ఏమొస్తుంది?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ అందరూ వెళ్ళిపోయేదాకా నా టేబుల్ దగ్గరే కూర్చున్నారు. పాప పదో తరగతి. మార్కులు బాగానే వస్తున్నాయి. ఆమె దిగులు వేరు. "ఇంటర్‌లో హెచ్ఈసీ తీసుకుంటానంటోంది మేడం. హిస్టరీ చదివితే ఏమొస్తాది? మీరే ఎక్కించినారంట గదా!" అన్నారు.

చివరి మాటలో కొంత నిజం ఉంది. ఆ రోజు అయిదు నిమిషాల్లో నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇదే సందేహం మీలో ఇంకొందరికీ ఉండవచ్చు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు క్లాసులో ఏం జరిగిందో చెప్తాను. మన అనంతసాగరం పేరులోనే సాగరం ఉంది. ఊరి చెరువు మీకు నాకన్నా బాగా తెలుసు. "ఈ చెరువు ఎవరు కట్టించారు?" అని అడిగితే పిల్లలంతా ఒకే గొంతుతో "రాయలవారు" అన్నారు. "మీకెలా తెలుసు?" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక అబ్బాయి "మా అవ్వ చెప్పింది" అన్నాడు. ఇంకొకరు యూట్యూబ్ అన్నారు.

అవ్వ చెప్పింది తప్పని నేను అనలేదు. అవ్వ మాట కూడా ఒక ఆధారమే. రెండు వందల ఏళ్ళ కిందట కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వారి మనుషులూ ఊరూరా తిరిగి కరణాలు, పెద్దలు చెప్పిన సంగతులు రాయించారు. వాటినే కైఫియత్తులు అంటాం. అయితే అవ్వకు ఎవరు చెప్పారు? ఆ మాటకు తోడుగా రాతి మీద గానీ రాగిరేకు మీద గానీ ఏమైనా ఉందా? మన జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు 1905లోనే మూడు భాగాలుగా అచ్చువేశారు. అంటే వెతకడానికి చోటు ఉంది. హిస్టరీ చదవడమంటే ముఖ్యంగా ఈ వెతుకులాటే. తేదీలు బట్టీ పట్టడం అందులో చిన్న భాగం (పరీక్షలో మాత్రం పెద్ద భాగం, అది మా తప్పు).

తర్వాతి క్లాసులో వాళ్ళకు పోరుమామిళ్ళ శాసనం గురించి చెప్పాను. వెలిగొండలకు అవతల కడప జిల్లాలో ఉన్న ఆ పెద్ద చెరువును 1369లో కట్టించింది మన ఉదయగిరి నుంచి పాలించిన భాస్కరుడు. ఆయన విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు. కృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కింది 1509లో. అంటే ఈ చెరువు అంతకు 140 ఏళ్ళ ముందుది. మంచి చెరువు కనిపిస్తే చాలు రాయలవారి ఖాతాలో వేసేసే మా పిల్లలకు ఇది మొదటి ఆశ్చర్యం.

రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని శాసనం చెబుతుంది. ఒక అమ్మాయి వెంటనే "వెయ్యిమందికి రోజూ అన్నం ఎవరు పెట్టారు మేడం?" అంది. ఇంకొకడు "రాయించింది ఆయనే గదా, ఎక్కువ చేసి చెప్పుకున్నాడేమో" అన్నాడు. ఈ రెండు ప్రశ్నలకూ నేను పది మార్కులకు పది వేస్తాను.

చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలనూ ఉండకూడని ఆరు దోషాలనూ అదే శాసనం లెక్కపెట్టి చెప్పింది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఆరోది, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. దానికి పిల్లలు నవ్వారు. ఇంతలో వెనక బెంచీ నుంచి ఒకడు "మేడం, కృష్ణా నీళ్ళ గొడవ అదే గదా!" అన్నాడు. 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేసిన నాటి నుంచీ రాష్ట్రాలు వాదించుకుంటున్న విషయాన్ని ఆరు వందల ఏళ్ళ నాటి రాయితో కలిపి చూశాడు. సైన్సులో మార్కులు రావని ఇంట్లో తిట్లు తినే పిల్లవాడు వాడు.

ఈ పని మీకు కొత్తేమీ కాదు. మీ పొలం గురించి అడంగల్ ఒకటి, పాత దస్తావేజు ఇంకొకటి చెప్పిందనుకోండి. ఏది ముందు రాశారు, ఎవరు రాయించారు, సాక్షులెవరు, ఎవరికి లాభం అని చూస్తారు. హిస్టరీ విద్యార్థి డిగ్రీ మూడేళ్ళూ చేసేది, చేయాల్సింది, ఇదే. లాయరు, విలేకరి, ఆఫీసులో ఫైలు రాసే ఉద్యోగి బతికేది కూడా ఈ నేర్పు మీదే.

ఇక డబ్బు మాట. నేను ఎంపీసీ చదివి, బీఏ హిస్టరీకి మారి, బీఈడీ చేశాను. బీటెక్ చేసిన మా పిన్ని కొడుకు జీతం నా జీతం కన్నా ఎక్కువ. దాచను. బీఏ పట్టా పట్టుకుని క్యాంపస్ సెలెక్షన్‌కు వెళ్ళడం కుదిరే పని కాదు. డిగ్రీ తర్వాత బీఈడీ, లా, ఎంఏ, ఇలా ఇంకొకటి చదవాల్సిందే. టీచరు కావాలంటే డీఎస్సీ రాయాలి. ఇప్పటి పద్ధతిలో గ్రూప్-2 ప్రిలిమ్స్ 150 మార్కుల్లో 30 చరిత్రవి. మెయిన్స్ మొదటి పేపర్‌లో సగం, అంటే 75 మార్కులు, ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్రవే. హిస్టరీ చదివితే అక్కడ సాయపడుతుంది, ఉద్యోగానికి హామీ మాత్రం కాదు. పోటీ ఎంతో మీకు తెలుసు. పురావస్తు శాఖ, మ్యూజియంలు, మైసూరులోని శాసనాల విభాగం లాంటి చోట్ల పోస్టులు చాలా తక్కువ. వాటికి ఎంఏ, ఓపిక, సంస్కృతం లాంటి పాత భాషలు కావాలి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో, కడప యోగి వేమన యూనివర్సిటీలో చరిత్రతో పాటు పురావస్తు శాస్త్రం చదివే వీలుంది.

లెక్కలంటే భయపడో, మార్కులు తక్కువ వచ్చాయనో పిల్లల్ని హిస్టరీకి పంపకండి. అలా వచ్చినవాళ్ళు మూడేళ్ళూ గైడ్లు బట్టీ పడతారు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఎంపీసీ చదివినవాళ్ళు తర్వాత బీఏకి రావచ్చు, హెచ్ఈసీ చదివినవాళ్ళు ఇంజనీరింగ్‌కు వెళ్ళలేరు. పాప మనసు ఇంకా ఊగుతుంటే నేను వచ్చిన దారి ఒకటి ఉంది. ఊగడం లేదంటే ఆపకండి. కార్పొరేట్ కాలేజీల్లో ఎక్కువగా ఎంపీసీ, బైపీసీలే ఉంటాయి. కాబట్టి ఆత్మకూరు, నెల్లూరు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఏ గ్రూపులు ఉన్నాయో, హిస్టరీకి లెక్చరర్ ఉన్నారో లేదో రిజల్ట్స్ రాకముందే వెళ్ళి కనుక్కోండి.

ఆ అమ్మకు నేను ఒక చిన్న పని చెప్పి పంపాను. ఇంట్లోని పాత పొలం కాగితాలు పాప చేతికివ్వండి, ఎంతసేపు కూర్చుంటుందో చూడండి అన్నాను. ఆదివారం రాత్రి ఫోన్ వచ్చింది. గ్రూపు సంగతి ఇంకా తేల్చుకోలేదట. ఫోన్ పాప లాక్కుంది. కాగితంలో ఫసలీ 1362 అని ఉందట, అదేం సంవత్సరమని అడిగింది. ఫసలీకి 590 కలుపుకోమన్నాను. "1952 మేడం! అంటే తాత పుట్టకముందే!" అని అక్కడే వాళ్ళమ్మకు చెప్పడం మొదలుపెట్టింది.