జేజి నవ్వు వీడియోలోనే ఉంది

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఇంట్లో పెద్దవాళ్లు పోతే ముందు మొదలయ్యేది ఫొటో వెతుకులాట. దినాలకు పటం కట్టించాలి, ఫ్లెక్సీ వేయించాలి. చూస్తే ఆధార్ కార్డు మీది మసక బొమ్మ తప్ప ఇంకొకటి దొరకదు. అదే జేజి మనవరాలి పెళ్లి వీడియోలో అక్షింతలు వేస్తూ నిండుగా నవ్వుతుంటుంది. ఆ నవ్వును బయటికి తీయడానికి కంప్యూటర్లో ఉన్న బ్రౌజర్ చాలు. అడ్డొచ్చేవి అపోహలే.

అపోహ: “స్క్రీన్‌షాట్ కొడితే సరిపోతుంది కదన్నా!”

వాస్తవం: సరిపోదు. స్క్రీన్‌షాట్‌లో పడేది ఫోను తెర చూపించినంతే. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేము 1920×1080, అంటే 20 లక్షలకు పైగా పిక్సెళ్లు. 1080 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే ఆ వీడియో తెర మధ్యలో పట్టీలా ఆడుతుంది. అప్పుడు చేతికొచ్చేది ఆరున్నర లక్షలే, మూడో వంతు.

బదులుగా వీడియో ఫైలును కంప్యూటర్లో మౌస్‌తో లాగి క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో వదలండి, అక్కడే ఆడుతుంది. కావలసిన చోట ఆపి రైట్ క్లిక్ చేస్తే క్రోమ్‌లో ‘సేవ్ వీడియో ఫ్రేమ్ యాజ్’, ఫైర్‌ఫాక్స్‌లో ‘టేక్ స్నాప్‌షాట్’ కనిపిస్తాయి. ఫ్రేము అసలు కొలతతోనే సేవ్ అవుతుంది. 6×4 అంగుళాల ప్రింటుకు ఇది చాలు. 12×36 ఆల్బమ్ షీటు నిండా పరచడానికి మాత్రం చాలదు.

అపోహ: “బ్రౌజర్లో పెడితే మన వీడియో ఎవరి చేతికో పోతుంది.”

వాస్తవం: పైన చెప్పిన పద్ధతిలో ఫైలు మీ కంప్యూటర్ దాటదు. ఫ్రేములు తీసిపెట్టే వెబ్‌సైట్లలో కొన్ని బ్రౌజర్లోపలే పని ముగిస్తాయి, కొన్ని వీడియోను తమ సర్వర్‌కు ఎక్కించుకుంటాయి. పేజీ తెరుచుకున్నాక నెట్ ఆపేసి చూడండి. అప్పటికీ ఫ్రేము వచ్చిందంటే పని మీ దగ్గరే జరుగుతోంది. ఆడపిల్లల వీడియోలైతే ఈ పరీక్ష చేయకుండా ఎక్కడా పెట్టకండి.

అపోహ: “వీడియో బాగుంటే ఎక్కడ ఆపినా ఫొటో బాగుంటుంది.”

ఇక్కడే చాలామంది నిరాశపడతారు. మామూలు వీడియోలో సెకనుకు 25 లేదా 30 ఫ్రేములు ఉంటాయి. మిట్టమధ్యాహ్నం గండికోటలో పెన్నా లోయ అంచున తీసిన వీడియోలో వెలుతురు పుష్కలం కాబట్టి కెమెరా ఒక్కో ఫ్రేముకు షట్టర్‌ను క్షణంలో మూసేస్తుంది. జడ కొసలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ప్రొద్దుటూరు దసరాలో రాత్రి అమ్మవారి ఊరేగింపు వీడియో అలా కాదు. చీకట్లో షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి, ఆలోగా కదిలిన చెయ్యి గీతలా సాగిపోతుంది. వీడియో ఆడుతున్నప్పుడు కంటికి తెలియదు, ఆపితే తెలుస్తుంది. అందుకే నవ్వు మొదలైన చోట కాకుండా నవ్వి తల నిలిపిన చోట వెతకండి. ఒక్క సెకనులోనే పాతిక ఫొటోలున్నాయి, ఓపిక పడితే ఒకటి దొరుకుతుంది.

పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన పెళ్లిళ్లలో ముఖం మీద దువ్వెన పళ్లలా అడ్డగీతలు పడతాయి. అది టేపు పాడైపోవడం కాదు. అప్పటి కెమెరాలు ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా, ఒకదాని తర్వాత ఒకటి తీసేవి. ఆ సగాలను సరిచేస్తే (దీన్నే డీఇంటర్లేస్ అంటారు) గీతలు పోతాయి.

అపోహ: “మసగ్గా ఉన్నా ఏఐ యాప్‌లో వేస్తే అసలు ముఖం వచ్చేస్తుంది.”

రాదు. వీడియోలో లేని కనురెప్పలను, ముడతలను యాప్ ఊహించి గీస్తుంది. నునుపుగా ఉంటుంది, కానీ మన జేజి కాదు. పటంలో పెట్టుకోవడానికి కాస్త మసకైనా నిజమైన ముఖమే మేలు.

ఒక్క మనవి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో నలిగిపోయి చిన్నదవుతుంది. స్టూడియో వాళ్లనూ బంధువులనూ అసలు ఫైలు అడగండి, పెన్‌డ్రైవ్‌లోనో వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానో ఇమ్మనండి. అదీ పెద్దవాళ్లు మన మధ్య ఉండగానే.