మీకు తెలుసా? విశాఖ పక్కనే ఎర్రమట్టి లోయలు

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో, భీమిలి ఇంకాస్త దూరం ఉందనగా నేల రంగే మారిపోతుంది. అవే ఎర్రమట్టి దిబ్బలు. వెళ్లనివారు కూడా సినిమా పాటల్లో చూసే ఉంటారు.

ఒకప్పుడు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డుకు మోసుకొచ్చింది. వేల ఏళ్లలో ఆ పోగు కొన్నిచోట్ల 30 మీటర్ల దాకా పేరుకుంది. రేణువులకు పట్టిన ఐరన్ ఆక్సైడ్ దానికి ఎరుపు తెచ్చింది. ఆపైన వాననీరు కోసుకుంటూ పోయి మెలికల లోయలు చెక్కింది. ఆ కోత ఇప్పటికీ సాగుతూనే ఉంది! దక్షిణాసియాలో ఇలాంటి తీరపు ఎర్ర ఇసుక తమిళనాడు, శ్రీలంకల్లోనూ కనిపిస్తుంది.

2014లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి.

ఇదే దారిలో తొట్లకొండ మీద బౌద్ధ విహార శిథిలాలు, మంగమారిపేట ఒడ్డున సహజ శిలాతోరణం ఉన్నాయి. తోరణం దగ్గరికి పోటు తగ్గాకే వెళ్లాలి. దిబ్బలకైతే పొద్దున్నే బయల్దేరడం మేలు: లోపల నీడ తక్కువ. ఇక సెల్ఫీ కోసం అంచులెక్కితే మట్టి పెళ్లలు జారిపోతాయి.