రెండు కాళ్లూ ఒకేసారి చచ్చుబడితే? జీబీఎస్ గురించి తెలుసుకోవాల్సినవి

కాళ్లు చేతులు పడిపోయాయంటే ఇంట్లో ముందుగా వచ్చే మాట పక్షవాతం. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఫాలిజ్ అంటారు. ఆ తర్వాత నూనె మర్దన, ఊళ్లో ఒక బలం ఇంజెక్షన్. ఇలా రెండు మూడు రోజులు గడిచిపోతాయి. గులియన్ బారీ సిండ్రోమ్, అంటే జీబీఎస్ విషయంలో ఆ రెండు మూడు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

2025 జనవరిలో పుణెలో ఈ కేసులు ఒక్కసారిగా పెరగడం మొదలై, ఆ తర్వాత 200 దాటాయి. ఫిబ్రవరిలో గుంటూరు జీజీహెచ్‌లో చికిత్స పొందుతూ ప్రకాశం జిల్లా మహిళ ఒకరు చనిపోవడంతో మన దగ్గరా భయం మొదలైంది. నిజానికి ఇది కొత్త జబ్బు కాదు. 1916లోనే ఫ్రెంచి డాక్టర్లు ఇద్దరు సైనికుల్లో గుర్తించి రాశారు. ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

మరి ఎలా వస్తుంది? చాలామందిలో అంతకుముందు కొన్ని వారాల్లో విరేచనాలో, జలుబు జ్వరమో వచ్చి తగ్గి ఉంటాయి. సరిగా ఉడకని కోడిమాంసం, కలుషిత నీళ్ల ద్వారా వచ్చే క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఇందులో ముఖ్యమైంది. దాని పైపొర మన నరాల మీద ఉండే కొన్ని పదార్థాలను పోలి ఉంటుంది. బ్యాక్టీరియాను చంపడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు పొరబడి సొంత నరాల మీదే పడతాయి. కరెంటు వైరుకు తొడుగు ఊడినట్టు నరం దెబ్బతింటుంది, మెదడు చెప్పిన మాట కండరానికి చేరదు.

మామూలు పక్షవాతం ఎక్కువగా ఒక పక్కకు, ఉన్నట్టుండి వస్తుంది. జీబీఎస్ అలా కాదు. రెండు పాదాల్లో తిమ్మిరితో మొదలై పైకి పాకుతుంది. ఇవాళ మెట్లు ఎక్కలేరు, రేపు నేల మీద నుంచి లేవలేరు, ఎల్లుండి గ్లాసు పట్టుకోలేరు. నడుము నొప్పి కూడా ఉండొచ్చు. మింగడం కష్టమైనా, ఒకే ఊపిరిలో ఇరవై దాకా లెక్కపెట్టలేకపోయినా ఒక్క గంట కూడా ఆగొద్దు. నూటికి ఇరవై, ముప్పై మందికి వెంటిలేటర్ అవసరం పడుతుంది.

కొలకలూరు నుంచి తెనాలి దగ్గరే. అయితే వెంటిలేటర్, నరాల డాక్టరు రెండూ ఉన్నచోటికి చేరడం ముఖ్యం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది గుంటూరు జీజీహెచ్. 108కు ఫోన్ చేసినప్పుడే 'కాళ్లు చచ్చుబడి పైకి వస్తోంది' అని చెప్పాలి. వెన్ను నీటి పరీక్ష మొదటి వారంలో మామూలుగానే రావొచ్చు. అందుకని జబ్బు లేదనుకుని ఇంటికి వచ్చేయకూడదు.

చికిత్స రెండు రకాలు. ఒకటి ఇమ్యునోగ్లోబులిన్, రెండోది రక్తంలో ప్లాస్మా మార్చడం. రెండూ సమానంగానే పనిచేస్తాయి, జబ్బు మొదలైన రెండు వారాల్లోపు ఇస్తే మేలు. అరవై కిలోల మనిషికి ఐదు రోజుల్లో 120 గ్రాముల ఇమ్యునోగ్లోబులిన్, అంటే ఐదు గ్రాముల సీసాలు 24 కావాలి. బయట కొంటే ఖర్చు లక్షల్లోనే. కాబట్టి ఎన్టీఆర్ వైద్యసేవ కింద చూస్తారేమో చేర్చేటప్పుడే అడగాలి, రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకెళ్లాలి. స్టెరాయిడ్లు ఈ జబ్బుకు పనిచేయవు.

ఇంట్లోవాళ్లు మరో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ జబ్బులో తెలివి పోదు. కదలలేకపోయినా మనిషికి అన్నీ వినిపిస్తుంటాయి. మంచం పక్కన నిలబడి 'ఇక లాభం లేదు' అనే మాటలు వద్దు. అది నిజం కూడా కాదు. నూటికి ఎనభై మంది ఆరు నెలల్లో తమంతట తాము నడుస్తారు. నరం నెమ్మదిగా కోలుకుంటుంది, ఇంటికొచ్చాకా ఫిజియోథెరపీ ఆపకూడదు. అలసట, పాదాల్లో తిమ్మిరి కొందరిలో చాలాకాలం ఉంటాయి.