56 కె/7: పాతబస్తీ చెరువుల పటం

సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో చార్మినార్ ఉండే టోపోషీటు 56 కె/7. దేశాన్ని నాలుగేసి డిగ్రీల గళ్ళుగా విడగొట్టి గడికొక అంకె వేశారు. 56వ గడిని ఒక్కో డిగ్రీ చొప్పున పదహారు భాగాలు చేస్తే వాటిలో ఒకటి ‘కె’. దాన్ని మళ్ళీ పదహారు చేస్తే ఏడోది ఇది. మీరాలం చెరువు, హుస్సేన్‌సాగర్, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఈ ఒక్క కాగితం మీదే ఉన్నాయి. సరూర్‌నగర్ చెరువు మాత్రం పక్క షీటుకు, అంటే 56 కె/11కు పోయింది.

‘కె’ షీటు ఎడమ అంచు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. సర్వేయరు లాంబ్టన్ దక్షిణం నుంచి కొలుచుకుంటూ వచ్చిన ‘మహా చాపం’ (గ్రేట్ ఆర్క్) ఈ రేఖ దరిదాపుల్లోనే సాగింది. 1818 చివర్లో మరో సర్వేయరు ఎవరెస్ట్ ఆయన దగ్గర పనికి చేరింది హైదరాబాద్‌లోనే. థియోడలైట్‌తో కోణాలు కొలిచి కొన్ని బిందువుల స్థానాలు తేల్చాక, మధ్యలోని కొండలూ వాగులూ చెరువులూ ప్లేన్ టేబుల్ మీద గీసేవారు. మూడు కాళ్ళ మీద నిలిపిన చదునైన బల్ల, దాని మీద కాగితం, గురి చూసే కమ్మీ: సరంజామా అంతే.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద నగరాన్ని ముంచింది. ఎగువన తెగిన చెరువులు దాని ఉధృతిని పెంచాయి. తర్వాతి ఏళ్ళలో ఇంజనీరు లియొనార్డ్ మన్ నగరాన్ని ఇల్లిల్లూ కొలిపించి పెద్ద స్కేలు పటాలు వేయించాడు. గల్లీ కావాలంటే మన్ పటం, నీటి దారి కావాలంటే టోపోషీటు.

టోపోషీటులో చెరువును పోల్చుకోవడం తేలిక. కట్ట వైపు గీత దిట్టంగా, దాదాపు నిటారుగా ఉంటుంది; ఎగువ అంచు వంకరటింకరగా వ్యాపిస్తుంది. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలు వాగు దగ్గర ఎగువకు మొన తేలతాయి. ఆ మొనలను వరుసగా కలిపితే నీరు నడిచే దారి దొరుకుతుంది. ఊరు పెరిగి చెరువు గుర్తు చెరిగినా నేల వాలు అంత తొందరగా మారదు. అందుకే 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు పొంగి హఫీజ్‌బాబానగర్ లాంటి బస్తీలు మునిగాయి.

అలాగని ఈ షీటు ఒక్కటే చూపి చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం) హద్దు తేల్చబోతే పొరపాటే. 1:50,000 స్కేలులో ఒక మిల్లీమీటరంటే నేల మీద 50 మీటర్లు. అర మిల్లీమీటరు గీత కిందే ఒక ఇళ్ళ వరుస పట్టేస్తుంది. సర్వే నంబరు దాకా వెళ్ళాలంటే గ్రామ నక్షా, టీపన్ (సర్వే నంబరు కొలతల చిత్తు పటం) తీయాలి. చెరువు దగ్గర అలుగు మట్టం కొలిచి, ఆ ఎత్తును నేల మీద చుట్టూ గుర్తించాలి.