వెలివేసిన వారి కోసం వెలసిన ఆసుపత్రి

డిచ్‌పల్లి అనగానే నేటి విద్యార్థులకు 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం గుర్తుకు వస్తుంది. మన నల్లగొండ, పాలమూరు హాస్టళ్లలో చదువుకొని పీజీ కోసం అటు వెళ్లాలనుకునే వాళ్లూ ఉంటారు. అయితే నిజామాబాదు దగ్గరి ఈ ఊరికి అంతకు తొంభై ఏళ్ల ముందే మరొక పేరుంది. అది కుష్ఠు రోగుల కోసం కట్టిన విక్టోరియా ఆసుపత్రి. అది ఎలా పుట్టిందో మనం తెలుసుకోవాలి.

ఆ రోజుల్లో మన ప్రాంతం నిజాం సంస్థానం. పైన బ్రిటిష్ వారి పెత్తనం. "పెద్దరోగం" వచ్చిందని తెలిస్తే ఇంటివాళ్లే దూరం పెట్టేవారు. ఊరి బయట గుడిసె, గుడి ముందు భిక్ష, అదే మిగిలిన బతుకు. కుష్ఠుకు సూక్ష్మక్రిమి కారణమని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. అయినా పాపఫలమనే నమ్మకం పోలేదు. బ్రిటిష్ ఇండియాలో 1898లో వచ్చిన చట్టం ప్రకారం బిచ్చమెత్తే కుష్ఠు రోగిని వారంటు లేకుండా పట్టుకోవచ్చు. అంటే రోగిని కళ్లముందు నుంచి తప్పించడమే తప్ప నయం చేయాలన్న ఆలోచన తక్కువ.

ఇలాంటి కాలంలో 1907లో డాక్టర్ ఇసాబెల్ కెర్ హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. ఆమె స్కాట్లాండు దేశస్థురాలు. 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పొందారు. భర్త జార్జి కెర్ మెథడిస్టు మిషన్ పాదిరి. కుష్ఠు రోగులకు వెళ్లే చోటు లేదని గమనించి 1911లో నిజామాబాదులో ఒక చిన్న ఆశ్రమం తెరిచారు. అది కొద్దికాలంలోనే చాలకుండా పోయింది.

పెద్ద ఆసుపత్రి కట్టాలంటే డబ్బు కావాలి. అప్పుడు ముందుకు వచ్చిన దాత రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు, కెర్ దంపతులు క్రైస్తవులు, ఏలేది ముస్లిం ప్రభువు. రోగి బాధ ముందు ఈ తేడాలు అడ్డు రాలేదు. ఆ విరాళం ఊతంతో 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి వెలిసింది.

అప్పటికి మాత్రలు లేవు. మన ఆయుర్వేదం తువరకమని పిలిచే జాతి చెట్ల గింజల నూనె, అంటే చాల్‌మోగ్రా నూనెనే సూదిమందుగా ఇచ్చేవారు. సూది చాలా నొప్పి. నెలల తరబడి వేయించుకోవాలి. తొలిదశలో వచ్చిన వారికే ఎక్కువ గుణం కనిపించేది. ఈ సేవకు ఇసాబెల్ కెర్‌కు 1923లో కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. 1932లో ఆమె కన్నుమూశారు. డిచ్‌పల్లిలో పనిచేసిన మరో వైద్యుడు జాన్ లోవ్ తరువాత నైజీరియాకు వెళ్లి, 1940ల చివరలో డాప్సోన్ మందును మాత్రలుగా ఇచ్చి మంచి ఫలితాలు చూపించారు. మన తెలంగాణ పల్లెలో నేర్చిన అనుభవం ఖండాలు దాటిందన్నమాట.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఇప్పుడు ఆరు నుంచి పన్నెండు నెలలు మందులు వాడితే కుష్ఠు పూర్తిగా నయమవుతుంది. మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు ఇచ్చే వీలును 2019లో చట్టం నుంచి తొలగించారు. పదివేల మందికి ఒకరికంటే తక్కువ రోగులున్న స్థాయికి మన దేశం 2005 చివరినాటికే చేరింది. కాని వ్యాధి పూర్తిగా పోలేదు, భయం అసలే పోలేదు.

ఇక్కడే మన బాధ్యత ఉంది. రంగు తగ్గి, గిల్లినా తెలియని మచ్చ ఒంటి మీద ఉంటే దాచుకోకూడదు. హాస్టల్ నుంచి ఇంటికి పంపుతారేమోనని దాచితే వేళ్లు, చూపు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. తోటివాడికి అలాంటి మచ్చ కనిపిస్తే పక్క దూరంగా జరపకుండా వెంటబెట్టుకొని దవాఖానకు తీసుకుపోవాలి. మందు మొదలుపెడితే అతని నుంచి ఇతరులకు సోకే భయం త్వరలోనే పోతుంది. అతడు మన గదిలోనే ఉండి, మన పంక్తిలోనే తిని చదువుకోవచ్చు.

వెలి అంటే ఏమిటో మన తాతలకు తెలుసు. కనుక మన హాస్టల్లో మరొకరిని వెలివేయకుండా చూసుకోవడం మన వంతు.