కాలి బైపాస్ శస్త్రచికిత్సలో యాంటీబయాటిక్ వినియోగం: సమయం, పరిమితి

వ్యాససంగ్రహం:
కాలి ధమనులు మూసుకుపోయిన రోగులకు చేసే బైపాస్ శస్త్రచికిత్సలో యాంటీబయాటిక్‌ను ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. కోతకు ముందే ఔషధం కణజాలానికి చేరడం ముఖ్యమనీ, తరువాత రోజుల తరబడి కొనసాగించడం వల్ల అదనపు రక్షణ లేదనీ తెలియజేస్తుంది.

కీలకపదాలు: ధమని, బైపాస్, యాంటీబయాటిక్, ఇన్ఫెక్షన్, సెఫజోలిన్.

1. ఉపోద్ఘాతం:
పొగతాగడం, మధుమేహం, అధిక రక్తపోటు, వయోభారం వంటి కారణాల వల్ల కాలి ధమనుల గోడలలో కొవ్వు పేరుకుంటుంది. తొలిదశలో నడిచేటప్పుడు పిక్కలు పట్టేస్తాయి. వ్యాధి ముదిరితే విశ్రాంతిలోనూ నొప్పి, మానని పుండ్లు, వేళ్లు కుళ్లిపోవడం సంభవిస్తాయి. అటువంటి కాలిని కాపాడటానికి, మూసుకున్న భాగాన్ని దాటించి ఒక నాళాన్ని అతికి రక్తానికి కొత్త దారి ఏర్పరుస్తారు. అది రోగి సొంత సిర కావచ్చు, కృత్రిమ నాళమూ కావచ్చు.

2. ఇన్ఫెక్షన్ తీవ్రత:
ఈ శస్త్రచికిత్సలో తరచుగా గజ్జలో కోత పెట్టవలసి వస్తుంది. అక్కడి చర్మపు మడతలలో చెమట, సూక్ష్మజీవులు ఎక్కువ. స్టెఫైలోకోకస్ జాతి బాక్టీరియా ఈ ఇన్ఫెక్షన్లకు ప్రధాన కారణం. 1972లో సిలాగీ బృందం వీటిని మూడు తరగతులుగా విభజించింది. మొదటిది చర్మానికి, రెండవది చర్మం కింది పొరకు పరిమితం. మూడవది అతికిన నాళానికే సోకుతుంది. కృత్రిమ నాళంపై బాక్టీరియా పొరకడితే మందులు దానిని నిర్మూలించలేవు. చాలా సందర్భాలలో నాళాన్ని తొలగించవలసి వస్తుంది. అప్పుడు కాలికే కాదు, ప్రాణానికీ ముప్పు.

3. ప్రయోగాల నిర్ధారణ:
1961లో జాన్ బర్క్ గినీ పందులపై చేసిన ప్రయోగాలలో, బాక్టీరియా ప్రవేశానికి ముందు ఇచ్చిన యాంటీబయాటిక్ అత్యధిక ఫలితాన్నిచ్చింది. మూడు గంటలు దాటాక ఇచ్చినది ప్రయోజనం చూపలేదు. 1978లో కైజర్ బృందం ప్రచురించిన అధ్యయనంలో ఉదర మహాధమని, కాలి ధమనుల శస్త్రచికిత్స పొందిన 462 మంది ఉన్నారు. వారిలో ఉత్తుత్తి మందు పొందినవారికి 6.8 శాతం, సెఫజోలిన్ పొందినవారికి 0.9 శాతం ఇన్ఫెక్షన్ సోకింది.

4. ఇచ్చే విధానం:
శస్త్రచికిత్సలో ధమనిని బిగించినప్పుడు దాని దిగువకు రక్తప్రవాహం ఇంకా తగ్గిపోతుంది. ముందే రక్తం చాలని ఆ కణజాలానికి అప్పుడు ఇచ్చిన మందు సరిగా చేరదు. అందువల్ల కోతకు ముందు 60 నిమిషాలలోపు సెఫజోలిన్ 2 గ్రాములు, 120 కిలోలు, అంతకు మించి బరువున్నవారికి 3 గ్రాములు సిరలోకి ఇస్తారు. మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకోకస్ ముప్పు ఉన్నవారికి వాంకోమైసిన్ వాడతారు. దానిని నెమ్మదిగా ఎక్కించాలి కనుక 120 నిమిషాలలోపు మొదలుపెడతారు. శస్త్రచికిత్స నాలుగు గంటలు దాటినా, 1500 మిల్లీలీటర్లకు మించి రక్తం పోయినా సెఫజోలిన్ మరో మోతాదు అవసరం.

5. ఆపవలసిన సమయం:
నివారణ కోసం ఇచ్చే యాంటీబయాటిక్‌ను 24 గంటలు మించి కొనసాగించకూడదు. శస్త్రచికిత్స ముగిశాక పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. పొడిగిస్తే మందులకు లొంగని బాక్టీరియా పెరగడం, తీవ్రమైన విరేచనాలు, మూత్రపిండాలకు హాని వంటి నష్టాలుంటాయి. అయితే పాదంలో అప్పటికే చీము, వ్యాపిస్తున్న ఎరుపు, జ్వరం ఉంటే అది నివారణ కాదు, చికిత్స. చీమును పరీక్షించి తగిన మందును అవసరమైనన్ని రోజులు ఇవ్వాలి. ఇన్ఫెక్షన్ లక్షణాలు లేని పుండుకు యాంటీబయాటిక్ అక్కరలేదు. దానికి కావలసింది రక్తప్రసరణ.

6. ముగింపు:
కాలి బైపాస్‌లో యాంటీబయాటిక్ విలువ అది ఎన్ని రోజులు సాగిందన్న దానిపై కాక, కోతకు ముందు సరైన వేళకు అందిందా లేదా అన్న దానిపై ఆధారపడి ఉంటుంది. దీనితోపాటు రక్తంలో చక్కెర నియంత్రణ, పొగ మానడం, గజ్జ గాయాన్ని పొడిగా ఉంచడం కూడా అవసరం. శస్త్రచికిత్స తరువాత గాయం నుంచి స్రావం, వాపు, జ్వరం కనిపిస్తే రోగి ఇంట్లో మిగిలిన మాత్రలు వేసుకోక వెంటనే శస్త్రవైద్యుని సంప్రదించాలి.