ఊపిరితిత్తుల్లో బీపీ!

చేతికి పట్టీ చుట్టి చూస్తే బీపీ మామూలుగానే ఉంటుంది. కానీ నాగోల్ మెట్రో స్టేషన్ మెట్లెక్కేసరికి ఆయాసం. సాయంత్రానికి కాళ్లవాపు. ఒక్కోసారి కళ్లు తిరిగి పడిపోవడం. ఆస్తమా అనో, రక్తం తక్కువనో సరిపెట్టుకునే ఈ బాధలకు పల్మనరీ హైపర్‌టెన్షన్ కారణం కావచ్చు.

గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో సగటు పీడనం 20 మి.మీ. దాటితే ఈ జబ్బు ఉన్నట్లు. ఒకప్పుడు ఈ హద్దు 25. ఎకో పరీక్షలో అనుమానం వస్తే, గుండె కుడి గదుల్లోకి సన్నటి గొట్టం పంపి నిర్ధారిస్తారు. పంజగుట్ట నిమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో ఈ సదుపాయం ఉంటుంది.

కారణాన్ని బట్టే మందు

కీళ్లవాత జ్వరంతో కవాటం పాడై పీడనం పెరిగితే కవాటాన్ని బాగుచేయాలి. ఊపిరితిత్తుల జబ్బయితే దానికే చికిత్స. రక్తం గడ్డలు అడ్డుపడితే రక్తాన్ని పలుచన చేసే మందులు, వీలైతే ఆపరేషన్. ధమనులే సన్నబడినప్పుడు మాత్రం ప్రత్యేక మందులు అవసరం.

వీటిలో ముఖ్యమైనది సిల్డెనాఫిల్. అవును, 1998లో వయాగ్రాగా వచ్చిన మందే! ధమనులను వదులు చేస్తుంది కాబట్టి 2005లో అమెరికా దీన్ని ఈ జబ్బుకీ అనుమతించింది. ఆడవాళ్లకూ రాస్తారు. చీటీలో ఆ పేరు చూసి సిగ్గుపడి మానేస్తే ప్రాణానికే ముప్పు. టడలాఫిల్ కూడా ఇదే కోవలోది. రోజుకోసారి వేసుకుంటే చాలు.

బొసెంటాన్, యాంబ్రిసెంటాన్‌లది మరో దారి. ధమనులను బిగించే ఎండోథెలిన్‌ను ఇవి అడ్డుకుంటాయి. బొసెంటాన్ వాడేవారు నెలనెలా కాలేయ పరీక్ష చేయించుకోవాలి. యాంబ్రిసెంటాన్, టడలాఫిల్ రెండూ ఒకేసారి మొదలుపెడితే, ఒక్కటే వాడినదానికన్నా జబ్బు ముదిరే ముప్పు దాదాపు సగం తగ్గుతుందని 2015లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది.

2024లో అమెరికాలో అనుమతి పొందిన సొటాటర్సెప్ట్‌ను మూడు వారాలకోసారి చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఖరీదు చాలా ఎక్కువ.

ఇవి మరవొద్దు

* సిల్డెనాఫిల్, టడలాఫిల్ వాడేవారు ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.
* బొసెంటాన్, యాంబ్రిసెంటాన్‌లు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. ఈ జబ్బున్నవారికి గర్భం దాల్చడమే ప్రమాదకరం.
* ఆయాసం తగ్గిందని మందులు సొంతంగా ఆపొద్దు. డాక్టరును అడిగాకే ఏ మార్పయినా.